లీవరు కిందికే ఉంది

“నేనే మర్చిపోయానేమో సార్” అన్నాడు మీసాలు.

ఆ మాట విన్న ప్రతిసారీ డిటెక్టివ్‌కి ఒకటే అనిపిస్తోంది. చేసిన తప్పు ఒప్పుకోనివాణ్ణి పట్టుకోవడం తేలిక. చెయ్యని తప్పు ఒప్పుకునేవాణ్ణి కాపాడటమే కష్టం.

మీసాలు ఈ ఇంటి డ్రైవరు. అసలు పేరేమిటో జీతమిచ్చేవాళ్ళకి కూడా గుర్తులేదు. మీసాలు తెల్లబడిపోయాయి గానీ పేరు మాత్రం అలాగే నిలబడిపోయింది. కారు షెడ్డులో పనిముట్ల పెట్టె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉన్నాడు. అతని ఎదురుగా పాతకాలపు పెద్ద కారు, బూడిద రంగుది, ముక్కు గోడవైపు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ముక్కుకీ గోడకీ మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత జాగా. పొద్దున ఈ ఇంటి పెద్దాయన పడి చనిపోయింది అక్కడే. నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. మీసాలు అటువైపు చూడటం లేదు. డిటెక్టివ్ కూడా చూడటం లేదు. రక్తం చూస్తే ఆయనకి కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. ఒకరు ఆయన భార్య, ఇంకొకరు మావగారు, మూడోవాడు భార్య చెల్లెలి మొగుడు. ఖర్మ కాలి ఆ చెల్లెలి మొగుడే ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు.

“అన్నయ్యగారూ, అటు తిరిగి నిలబడండి. పడిపోతే మోయడానికి ఇక్కడ మనుషుల్లేరు” అన్నాడు ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర్నుంచి.

“నన్ను మోయడం సంగతి తర్వాత. నా పని నన్ను చేసుకోనీ.”

“మీ పనేముందండీ? వాడే ఒప్పుకుంటున్నాడుగా.”

“ఒప్పుకోవట్లేదయ్యా. మర్చిపోయానేమో అంటున్నాడు. ఆ ‘ఏమో’ని నువ్వు కాగితం మీద ఎక్కించలేదు.”

తోడల్లుళ్ళ ప్రేమ గురించి వేరే చెప్పక్కర్లేదు. అత్తగారింట్లో ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చినా వీళ్ళిద్దరూ చెరో అంచునా కూర్చుంటారు. డిటెక్టివ్‌కి ‘నస’ అని పేరు పెట్టింది కూడా ఈ ఇన్‌స్పెక్టరే. అడిగిందే అడుగుతాడని. ఆ పేరు ఎంత బాగా అతుక్కుపోయిందంటే పనిచ్చేవాళ్ళు కూడా ‘నస గారున్నారా’ అనే తలుపు తడుతున్నారు. ఇందాక ఫోన్లో పెద్దాయన కూతురన్నదీ అదే. “నస గారూ, నాన్న పోయారు. దానికి మీసాలు మావయ్యని జైల్లో పెడతారట. ఆయన అలాంటి పని మర్చిపోయే మనిషి కాదు. మీరొక్కసారి రండి” అంటూ ఆ పిల్ల మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.

నస వెళ్ళి పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“మీసాలన్నా, పొద్దున ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు.”

“ఇంకోసారా సార్?”

“నా పేరే నస కదా. చెప్పు.”

మీసాలు గుటక వేశాడు. “రోజూలాగే సార్. నేనెక్కి కూర్చుంటాను. లీవరు లేటులో పెడతాను. స్విచ్చి వేస్తాను. ‘లేటు’ అని గట్టిగా అరుస్తాను. అయ్యగారు బండి ముందర తిప్పే హ్యాండిల్ దగ్గర్నుంచి ‘లేటే’ అంటారు. ఆ మాట ఆయన నోట వినందే నేను సీటు దిగను. నేను అరవందే ఆయన హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యరు. అప్పుడు నేను దిగి గేటు తియ్యడానికి పోతాను. గేటు తీసేసరికి ఇంజన్ చప్పుడు వినిపించాలి.”

“వినిపించిందా?”

“లేదు సార్.”

“ఇవాళ ‘లేటు’ అని అరిచావా?”

“అరిచాను.”

“ఆయన ‘లేటే’ అన్నారా?”

“అన్నారు. ఆ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.”

“మరి మర్చిపోవడమేంటన్నా?”

మీసాలు కళ్ళలో నీళ్ళు నిండాయి. “నోరు అరిచింది సార్. చెయ్యి పని చేసిందో లేదో. తాళం వేసి సగం దూరం పోయాక, వేశామా లేదా అని అనుమానం రాదూ? అట్లా. ఈమధ్య కళ్ళజోడు నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాను. లీవరు అడ్వాన్సులో ఉందని ఇన్‌స్పెక్టరు గారే చెప్తుంటే ఉన్నట్టేగా. నా చేత్తో నేనే అయ్యగారిని...”

“లీవరు నువ్వు చూశావా?”

“అయ్యగార్ని చూశాక ఇంకేం కనిపిస్తుంది సార్?”

“నువ్వు గేటు దగ్గరున్నప్పుడు బయటినుంచి ఎవరైనా లోపలికొచ్చారా?”

“గేటుకి అడ్డంగా నేనే ఉన్నాను కదా. పిట్ట కూడా రాలేదు.”

నస లెక్క వేసుకున్నాడు. బయటినుంచి ఎవరూ రాలేదు. అంటే, ఒకవేళ ఎవరైనా ఏదైనా చేసి ఉంటే, వాడు లోపలినుంచి వచ్చాడు. మళ్ళీ లోపలికే పోయాడు. ఇప్పుడు కూడా ఈ గోడల మధ్యనే ఎక్కడో తిరుగుతున్నాడు. నస తెలియకుండానే తలుపు వైపు చూశాడు.

తలుపు పక్కన ఇంకో కారుంది. నల్లది, అదీ ఆ కాలపుదే. దాని మడ్‌గార్డు మీద దుమ్ముని జేబురుమాలుతో తుడుస్తూ పెద్దాయన తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఇంట్లో అందరూ చిన్నాయన అంటారు. మెత్తని మనిషి, మాట కూడా మెత్తనే.

“ఇందులో పెద్ద రహస్యమేం లేదండీ” అన్నాడు చిన్నాయన. “చెప్పమంటే చెప్తాను.”

“చెప్పండి బాబూ. అడ్వాన్సంటే నాకు తెలిసింది ఇంటద్దె అడ్వాన్సొక్కటే.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు.

“పిల్లల్ని ఊయల ఊపుతాం కదా. ఊయల వెనక్కొచ్చి ఆగాక తోస్తే ముందుకు పోతుంది. ఇంకా వస్తుండగానే ఎదురెళ్ళి తోశారనుకోండి, మీ చేతులే విరుగుతాయి. ఇంజనూ అంతే. చేత్తో తిప్పేటప్పుడు పిస్టన్ పైదాకా వచ్చాకే నిప్పురవ్వ పడాలి. అది లేటు. బండి జోరందుకున్నాక రవ్వ కొంచెం ముందే పడాలి, లేకపోతే బలం రాదు. అది అడ్వాన్సు. ఇప్పటి బండ్లకి ఆ గొడవంతా ఇంజనే చూసుకుంటుంది. ఆ రోజుల్లో నడిపేవాడే చూసుకోవాలి. అందుకే స్టీరింగ్ మధ్యలో ఈ చిన్న లీవరు. దీన్ని అడ్వాన్సులో మర్చిపోయి ముందు హ్యాండిల్ తిప్పారో, గాడిద తన్నినట్టు వెనక్కి తంతుంది.”

“మనిషి చచ్చిపోయేంతగానా?”

“చెయ్యి విరిగినవాళ్ళున్నారు. దవడ పగిలినవాళ్ళున్నారు. చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు.”

నస తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. “ఏ వైపు లేటండీ? ఏ వైపు అడ్వాన్సు?”

“పైకి లేటు. కిందికి అడ్వాన్సు. ఇదిగో, నా బండి మీద రాసే ఉంది. పొద్దున అన్నయ్యని చూసి పరిగెత్తుకొచ్చి, నేను ముందు చూసింది ఆ లీవరే. కిందికే ఉంది.”

“నేనూ చూశాను. కిందికే ఉంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“కిందికే ఉందా?”

“కిందికేనండీ బాబూ!”

“చిన్నాయన గారూ, మీరు దాన్ని ముట్టుకోలేదుగా?”

“మా అన్నయ్య ముట్టుకోనిస్తేగా?” చిన్నాయన రుమాలు మడత పెట్టాడు. “నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. స్టీరింగు మాత్రం మీసాలుకే. నా బండి నాకు కొనిచ్చి, దాంతో ఆడుకోరా అన్నాడు. నిన్న భోజనాల దగ్గరైతే ఈ బండి మీసాలుకే ఇచ్చేస్తున్నానని అందరి ముందూ చెప్పాడు కూడా.”

“ఇచ్చేస్తానన్నారా? మీసాలుకా?” ఇన్‌స్పెక్టరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ఈ ముక్క నాకు చెప్పలేదేంటండీ?”

“అంత ముఖ్యమనుకోలేదు. పాపం మీసాలు మంచివాడు. లోపల పరామర్శకి జనం వచ్చినట్టున్నారు, చూసొస్తాను.” చిన్నాయన వెళ్ళిపోయాడు.

ముఖ్యం కాని మాటని అంత స్పష్టంగా పోలీసు చెవిలో వేసి పోయాడేమిటి అనుకున్నాడు నస. అనుకున్నాడే గానీ పైకి అనలేదు. అన్నగారు పోయి ఇంకా ఒక పూటైనా కాలేదు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదైనా మాట్లాడతాడు.

ముందు నల్ల బండి స్టీరింగు దగ్గరికి పోయాడు. లీవరు కింద ఇత్తడి బిళ్ళ, దాని మీద అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. చిన్నాయన చెప్పింది నిజమే. పైన లేటు, కింద అడ్వాన్సు. తర్వాత బూడిద రంగు బండి దగ్గరికి వచ్చాడు. అదీ అలాంటి లీవరే, అలాంటి ఇత్తడి బిళ్ళే. కానీ మీసాలు రోజూ తోమితోమి దాన్ని అద్దం చేసేశాడు. అక్షరాలు అరిగిపోయి బోడిగా ఉంది. నస వేలు పెట్టి తడిమాడు. ఏమీ తగల్లేదు.

“తమ్ముడూ, కిందికి ఉంటే అడ్వాన్సని ఈ బండి చూసి రాశావా, పక్క బండి చూసి రాశావా?”

“ఏ బండైతే ఏంటండీ? అన్ని గడియారాలూ ఒకవైపే తిరుగుతాయి.”

“గడియారాలన్నీ ఒకడు చెయ్యలేదు, అయినా ఒకవైపే తిరుగుతున్నాయి. బండ్లని మాత్రం ఎవడి తిక్క వాడిదే అన్నట్టు చేశారని లారీ నడిపిన మా మేనమామ అనేవాడు. ఇలా రా. ఆ హ్యాండిల్ మెల్లగా తిప్పు.”

“నేనా?”

“నేనైతే ఇంజన్లోకి చూడాలి. రెండు పనులు నావల్ల కాదు.”

“స్విచ్చి తీసేశారా?”

“తీసేశాను.”

“ఇంకోసారి చూడండి. నా చెయ్యి గవర్నమెంటుది.”

నస ఇంకోసారి చూశాడు. ఇన్‌స్పెక్టరు కోసం కాదు, తన భయం కోసం. బానెట్ ఎత్తి, లీవరు నుంచి కిందికి దిగిన సన్నని కడ్డీ వెంబడి చూపు పోనిచ్చాడు. ఆ కడ్డీ పోయి పోయి ఒక నల్లని గిన్నెకి తగులుకుంది. అదే నిప్పురవ్వల్ని పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరు. దాని మూత తీశాడు. లోపల గడియారం ముల్లులాంటి ముక్క ఉంది.

“తిప్పు.”

ఇన్‌స్పెక్టరు మూలుగుతూ తిప్పాడు. లోపలి ముల్లు కుడివైపుకి జరిగింది.

“ఆపు.” ఇప్పుడు నస స్టీరింగు దగ్గరికి పరిగెత్తి కిందున్న లీవర్ని పైకి జరిపాడు. పళ్ళ మీద నడిచినట్టు టిక్ టిక్ టిక్ మంటూ ఎక్కింది. తిరిగొచ్చి చూస్తే గిన్నె ఎడమవైపుకి తిరిగి ఉంది. నమ్మకం కుదరలేదు. మళ్ళీ పోయి కిందికి లాగాడు, మళ్ళీ వచ్చి చూశాడు. కుడివైపుకి. మళ్ళీ పైకి పెట్టాడు. ఎడమవైపుకి.

“ఇదేం పిచ్చి అన్నయ్యగారూ?”

“ఎదురొచ్చేవాణ్ణి తొందరగా కలుస్తామా, మనతోపాటు ముందుకు పోయేవాణ్ణి తొందరగా కలుస్తామా?”

“ఎదురొచ్చేవాణ్ణే.”

“లీవరు పైకి పెడితే గిన్నె ముల్లుకి ఎదురొస్తోంది. రవ్వ ముందే పడుతుంది. కిందికి పెడితే గిన్నె ముల్లుతోపాటే పారిపోతోంది. రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఈ బండికి కిందికంటే లేటు!”

ఇన్‌స్పెక్టరు హ్యాండిల్ వదిలేశాడు.

నస నోరిక ఆగలేదు. “దీన్ని చేసినవాడు నాలాగే భయస్తుడయ్యా. గతుకుల్లో లీవరు వదులై జారితే కిందికే కదా జారుతుంది? జారినా ఎవరి చెయ్యీ విరగకూడదని కింద లేటు పెట్టాడు. ఆ నల్లదాన్ని చేసినవాడు నడిపేవాడి సుఖం చూశాడు. జోరు కావాలంటే కిందికి లాగడం చేతికి తేలిక కదా, అందుకని కింద అడ్వాన్సు పెట్టాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. పక్కపక్కన పెడితేనే ప్రమాదం. తమ్ముడూ, పొద్దున లీవరు కిందికే ఉందని నువ్వే చూశావు. అంటే లేటులోనే ఉంది. మీసాలు మర్చిపోలేదు. ఈ బండి ఆయన్ని తన్నలేదు. పైగా ఆయన చేతికి దెబ్బుందా?”

“లేదు. తల వెనక మాత్రమే.”

“తన్నే హ్యాండిల్ ముందు చెయ్యి విరుస్తుంది. తల వెనక్కి ఎలా పోయి కొడుతుంది?”

ఇన్‌స్పెక్టరు వంగాడు. హ్యాండిల్ వైపు, దాని మీది ఎండిన మరక వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలాడించాడు.

“అంటే ప్రమాదం కాదు. ఎవరో ఈ హ్యాండిల్ ఊడదీసి వెనకనుంచి కొట్టి, మళ్ళీ తగిలించి పోయారు. హత్య.”

“అదీ!”

“బయటినుంచి ఎవరూ రాలేదు. షెడ్డులో ఆయనతో ఉన్నది మీసాలు. ఈ బండి వచ్చేది మీసాలుకి.” ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. “థాంక్స్ అన్నయ్యగారూ. నేను పొరపాటు కేసు రాశాను. మీరు హత్య కేసు చేసిపెట్టారు.”

తను చేసిన పనేమిటో నసకి అప్పుడు అర్థమైంది. తాడు విప్పబోయి ముడి బిగించాడు. అది కూడా మెడకి.

“ఆగవయ్యా! వాడే చంపితే లీవరు పైకి పెట్టేవాడు కదా. పైకి పెడితేనే ఈ బండికి అడ్వాన్సని ఎవరికన్నా తెలుసంటే అది వాడికే.”

“కంగారులో మర్చిపోయుంటాడు. మర్చిపోతాడని వాడే చెప్తున్నాడుగా.”

“బండి ఇస్తానన్నవాణ్ణి ఎవడైనా చంపుకుంటాడా?”

“ఇస్తానన్నవాడి మనసు మారకముందే చంపుకుంటాడు. అన్నయ్యగారూ, మీరు ఇంటికి పోయి పడుకోండి. రక్తం చూస్తే పడిపోయేవాడికి ఈ పనెందుకని మన మావగారు ఊరికే అనలేదు.”

మీసాలు చేతులకి బేడీలు పడ్డాయి. ఆయన ఎదురు తిరగలేదు. నస పక్కనుంచి పోతూ ఆగాడు.

“సార్, ఇందాక మీరన్నది విన్నాను. నిజంగా నేను మర్చిపోలేదా?”

“లేదన్నా. నీ చెయ్యి దాని పని అది చేసింది.”

ఆ బేడీలతోనే మీసాలు కళ్ళు తుడుచుకున్నాడు. “అయితే చాలు సార్” అన్నాడు. ముఖంలో ఏదో బరువు దిగిపోయింది. అది చూస్తే నసకి ఇంకా భయమేసింది. ఆ మనిషికి ఇంక ఉరైనా ఒకటే, ఊరైనా ఒకటే. కాపాడాల్సినవాడు తనొక్కడే మిగిలాడు.

ఇన్‌స్పెక్టరు మీసాల్ని తీసుకుని ఇంటి ముందుకి పోయాడు. స్టేషన్ వ్యాన్ రావాలి. అది వచ్చేదాకానే సమయం. ఒకసారి వ్యానెక్కితే మీసాలు దేనికైనా సంతకం పెట్టేస్తాడు.

నస మూత బిగించి, బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. పొద్దున మీసాలు లీవరు కిందికి పెట్టి, అరిచి, దిగిపోయాడు. చంపినవాడు వచ్చాడు. పని ముగించాక లీవరు చూశాడు. కిందికి ఉంది. తన లెక్కలో అది అడ్వాన్సు. ‘మీసాలు నిజంగానే మర్చిపోయాడు, నా నెత్తిన పాలు పోశాడు’ అనుకున్నాడు. దాన్ని కదిలించాల్సిన అవసరమే రాలేదు. ఇంట్లో కిందికి అంటే అడ్వాన్సని అనుకునేది ఎవరు?

కానీ అది నేరం కాదు. పొరపాటు. తన బండిలాగే అన్నయ్య బండీ ఉంటుందని అనుకున్న ఒక మంచి మనిషి కూడా సరిగ్గా ఆ మాటే చెప్తాడు. ఇన్‌స్పెక్టరు చెప్పలేదూ?

వెనకనుంచి, చక్రాల మీద తలుపు జరుగుతున్న చప్పుడైంది. షెడ్డులో వెలుతురు సగమై, పావై, పైన అద్దంలోంచి పడే ఎండొక్కటే మిగిలింది.

“దుమ్మొస్తోంది” అన్నాడు చిన్నాయన, తలుపు గొళ్ళెం పెడుతూ. “హత్య అయిందటగా. ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. మీరే కనిపెట్టారట. ఏం కనిపెట్టారని అడిగితే ఆయన ఫోన్లో ఉన్నారు.”

నస చేతుల మీది మసి ఇంకోసారి తుడుచుకున్నాడు. “ఏముందండీ. చేతికి దెబ్బ లేదు కదా అని.”

“ఇంజన్లో కూడా చూశారట.”

“ఊరికే. నాకేం అర్థమవుతాయండీ ఆ తీగలు.”

“చేతికి తగలకుండా తలకి తగలదని ఎలా చెప్పగలరు? మీరెప్పుడైనా ఇలాంటిది తిప్పారా?” చిన్నాయన దగ్గరికొచ్చాడు. కొత్త సబ్బు వాసన వేసింది. “తిప్పకుండా చెప్పడం తప్పు కదూ. ఒక మనిషి ప్రాణం. రండి, ఒకసారి తిప్పి చూడండి. నేను కూర్చుని లేటులో పెడతాను. మీకేం కాదు.”

ఆయన వచ్చి నసకీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు. కావాలని నిలబడ్డాడో, అలా పడిందో తెలియదు. అరవాలనిపించింది. అరిచి ఏం చెప్పాలి? బండి తిప్పమన్నాడని చెప్పాలా?

“అలాగేనండీ” అని తన గొంతే అనడం విని నస తనే ఆశ్చర్యపోయాడు.

కారు ముక్కుకీ గోడకీ మధ్య దూరి, సుద్ద గీత తొక్కకుండా కాళ్ళు ఎడంగా పెట్టి వంగాడు. ఇప్పుడు ఎదురుగా వెండిలా మెరిసే రేడియేటర్ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. సీటు తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

లీవరు ఇప్పుడు పైకి ఉంది. తనే పెట్టి వదిలేశాడు. నస బుర్ర ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది. ఈ మనిషి మంచివాడైతే, నన్ను కాపాడాలనుకుంటే, పైకి ఉన్నదాన్ని చూసి ‘లేటులోనే ఉంది’ అనుకుని కదిలించడు. అప్పుడు ఈ హ్యాండిల్ నన్ను తంతుంది. హంతకుడైతే, నన్ను కూడా పెద్దాయన పక్కకి పంపాలనుకుంటే, కిందికి లాగుతాడు. అప్పుడు నాకేమీ కాదు. మంచివాడైతే చెయ్యి పోతుంది. చెడ్డవాడైతే ప్రాణం నిలుస్తుంది. ఇలాంటి దిక్కుమాలిన పరీక్ష ఎవడికైనా వచ్చిందా?

చప్పుడేం రాకపోతే నడుం పట్టేసిందని చెప్పి లేచిపోదాం అనుకున్నాడు. చెవులు రిక్కించాడు.

ఏమీ లేదు.

చెమట చుక్క ముక్కు మీంచి జారి సుద్ద గీత మీద పడింది.

టిక్.

ఒక్క క్షణం ఆగి, మెల్లగా, దొంగతనంగా తలుపు తీస్తున్నట్టు, టిక్, టిక్, టిక్ మంటూ ఆ చప్పుడు పొడుగ్గా సాగి ఆగిపోయింది. మొదటినుంచి చివరిదాకా.

“లేటులోనే ఉందండీ, నేను ముట్టుకోలేదు” అన్నాడు చిన్నాయన. “స్విచ్చి వేశాను. భయపడకండి, గట్టిగా తిప్పండి.”

నసకి తెలిసిపోయింది. పెద్దాయన కూడా ఈ జాగాలోనే, ఇలాగే వంగి, వెనక ఎవరున్నారో చూసుకోకుండా ఉండి ఉంటాడు. ఇంకో ప్రమాదం జరిగితే మొదటిది కూడా ప్రమాదమే అయిపోతుంది. హత్య అన్నవాడు కూడా పోతాడు.

ఒకవేళ గిన్నె సంగతి తను తలకిందులుగా అర్థం చేసుకుని ఉంటే? కుడి ఎడమలు తికమక పడి ఉంటే? చిన్నప్పుడు చెప్పులు కూడా మార్చి వేసుకునేవాడు.

“ఏమండీ, నిద్రపోయారా?”

“లేదండీ, దేవుణ్ణి తలుచుకుంటున్నాను.”

మేనమామ ఎప్పుడో చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ మడవకురా, నాలుగు వేళ్ళ పక్కనే ఉంచు, తంతే చెయ్యి దానంతటదే ఊడొస్తుంది. నస బొటనవేలు తీసి వేళ్ళ పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పైకి లాగాడు.

ఇంజన్ గురక పెట్టినట్టు మెత్తగా అందుకుంది.

తన్నలేదు. కసరలేదు. పాలు తాగిన పిల్లిలా గుర్రు గుర్రుమంటూ నిలబడింది. నస వేళ్ళు విప్పి చూసుకున్నాడు. అయిదూ ఉన్నాయి. మెల్లగా నడుమెత్తాడు. బానెట్ పైనుంచి అద్దంలో చిన్నాయన ముఖం కనిపించింది.

అది ఒక కేక కోసం ఎదురుచూస్తున్న ముఖం. కేక రాలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. చూపు కిందికి, లీవరు మీదికి, అక్షరాల్లేని ఇత్తడి బిళ్ళ మీదికి పోయింది. అక్కడే చాలాసేపు ఆగిపోయింది. తిరిగి నస మీదికి వచ్చేసరికి అందులో మెత్తదనం లేదు.

“ఈ బండికి తలకిందులా?” అన్నాడు. ఇంజన్ చప్పుడులో కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది. “ఇన్నేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు మా అన్నయ్య.”

ఊరుకోవాల్సింది. కానీ భయమేస్తే నస నోరు అసలు ఆగదు. “ముట్టుకోలేదన్నారు గదండీ. మరి నేనింకా ఎలా బతికున్నాను?”

చిన్నాయన భుజం ఒకవైపుకి వంగింది. అడుగున ఎక్కడో ఇనుము ఇనుముని కొరికినట్టు గరగరమని గేరు పడింది. నస వెనక్కి ఒక్క అడుగు వేశాడు. వీపుకి గోడ తగిలింది. కుడివైపు మడ్‌గార్డు, ఎడమవైపు పనిముట్ల బల్ల. తలుపుకి లోపలినుంచి గొళ్ళెం.

“తమ్ముడూ!” అని అరిచాడు, పుట్టి బుద్ధెరిగాక ఇన్‌స్పెక్టర్ని అంత ప్రేమగా ఎప్పుడూ పిలిచి ఉండడు. ఇంటి ముందు వ్యాన్ హారన్ మోగింది. ఆ మోతలో తన కేక తనకే వినపడలేదు.

బండి ముందుకి కదిలింది.